మిషనుకు కుట్టిన చొక్కా

ఒతీలియా మెట్ల మధ్యలో ఆగింది. బంగాళాదుంపల సంచిని మెట్టు మీద దించి, తాడు ఒరుసుకున్న వేళ్లను చూసుకుంటున్నట్టు నిలబడింది. నిజానికి వేళ్లకేమీ కాలేదు. ఊపిరే అందడం లేదు. గాలి గొంతు దాకా వచ్చి, లోపల చోటు లేనట్టు అక్కడే ఆగిపోతోంది.

కింది వాటాలో వంటింటి తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంటుంది. అత్త రొజాలియా పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని, తల తిప్పకుండానే మెట్ల మీద ఎవరున్నారో చెప్పగలదు.

"దుంపలు బరువా, మోసే మనిషి బరువా?" అంది అక్కడి నుంచే.

"రెండూనూ, అత్తయ్యా."

"రాత్రంతా ముక్కుకు తొండం తగిలించుకుని పడుకుంటావు కదా. పొద్దున్నకల్లా ఏనుగు బలం రావద్దూ?"

ఒతీలియా నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. పొడి దగ్గు, ఏమీ రాల్చని దగ్గు. అది తగ్గేదాకా మెట్ల కమ్మీ పట్టుకుని నిలబడి, మళ్లీ సంచి అందుకుంది.

పై వాటాలో పడకగది కిటికీ తెరిచి ఉంది. బయట మంచు గట్టిపడి కొండ కింద దాకా తెల్లగా మెరుస్తోంది. కిటికీ గడప మీద రెండు ఈకల రజాయిలు ఎండకు పడి ఉన్నాయి. పెళ్లయిన ఏడాది నుంచీ కప్పుకుంటున్నవే. ఎరుపు గళ్ల గలేబు నాలుగుసార్లు మారింది కానీ లోపలి పెద్దబాతు ఈకలు అవే. ఒతీలియా వాటిని లోపలికి లాగి, రెండు చేతులతో తట్టి, మంచం మీద పరిచింది. పిడికిలి దెబ్బకు రజాయి బుస్సుమని ఊపిరి వదిలింది. ఎండ పడిన చోట సన్నటి ధూళి లేచి, తొందరేమీ లేనట్టు నెమ్మదిగా తిరిగింది.

మంచం పక్క స్టూలు మీద మిషను ఉంది. నిద్రలో ఆమె గొంతు మూసుకుపోతోందని, గంటలో ఎన్నోసార్లు శ్వాస ఆగిపోతోందని, దాని పేరు స్లీప్ ఆప్నియా అని జిల్లా ఆసుపత్రిలో శరదృతువులో చెప్పారు. మాస్కు పెట్టుకుంటే మిషను గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచుతుందన్నారు. అది నిజమే. పొద్దుటి తలనొప్పి పోయింది. స్కూలు వంటగదిలో పిండి పిసుకుతూ కునుకు తీయడం మానేసింది. బస్సులో దిగాల్సిన చోట దిగుతోంది.

మిషను రొదకు మాత్రం ఆమె భర్త అలోయ్ నిద్రపోలేకపోయాడు. రంపపు మిల్లులో పొద్దున షిఫ్టు మనిషి. అటూ ఇటూ పొర్లి, ఒకరోజు దిండు తీసుకుని కిందికి తల్లి దగ్గరకు పోయాడు. క్రిస్మస్‌కి రొజాలియా ఒక కాగితం పొట్లం తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. లోపల చిన్న పిల్లవాడి చొక్కా లాంటిది ఉంది. మెత్తటి నూగు దట్టంగా కూరి, గళ్లు గళ్లుగా కుట్టినది. గొట్టం బయటికి రావడానికి ఒక చేయి కూడా ఉంది.

"మిషనుకి. గాలి పీల్చుకోడానికి వెనకాల బొందులు వదులుగా పెట్టాను. చూసుకుని కట్టు," అంది.

ఆ ఇంట్లో కాపురానికి వచ్చాక అత్త తనకోసమని కూర్చుని కుట్టిన మొదటి వస్తువు అది. ఆ రోజు ఒతీలియా బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కుంది. రొద సగానికి సగం తగ్గింది. అలోయ్ దిండుతో సహా పైకొచ్చాడు. ఆ తరవాత ఒక్క రోజు కూడా మిషను చొక్కా లేకుండా లేదు.

*

శనివారం మధ్యాహ్నం కింది వంటింట్లో ఈకలు ఒలిచే పని పెట్టారు. మే నెలలో ఒతీలియా కూతురి పెళ్లి, ఆ పిల్ల పేరు దారిన. మనవరాలికి కొత్త రజాయిలు ఇవ్వాలని రొజాలియా మూడేళ్లుగా బాతులు పెంచే ఇళ్లలో అడిగి గోనెసంచుల్లో ఈకలు కూడబెడుతోంది. దుకాణం రజాయిలంటే ఆమెకు గిట్టదు.

"ప్లాస్టిక్ సీసాలు కరిగించి చేస్తారట. సీసాలు కప్పుకుని ఎవరైనా పడుకుంటారా?"

బల్ల చుట్టూ అయిదుగురు ఆడవాళ్లు, తలకు గుడ్డలు కట్టుకుని. మధ్యలో ఈకల గుట్ట. ఒక్కొక్క ఈకనూ తీసి, కొన దగ్గర చిటికెతో పట్టి, అటు పాయ ఇటు పాయ చీల్చి, మెత్తటిది ఒడిలోకి, గట్టి పుల్ల బక్కెట్లోకి. ఈ పనికి పాత కట్టుబాట్లున్నాయి. తలుపు తెరవకూడదు, కిటికీ తెరవకూడదు. గట్టిగా నవ్వకూడదు. తుమ్మినవాళ్లు ఈకలు లేపినందుకు పాట పాడాలి.

"వదినా, కొత్తగా పెళ్లయినప్పుడు ఎవరు గురక పెట్టేవారు, నువ్వా అన్నయ్యా?" అంది పక్కింటి గిజెల, చేతులు ఆపకుండా.

"నేనే. అది మీ ఆయన ట్రాక్టరు చప్పుడనుకుని మీ అన్నయ్య మొదటి వారమంతా మిమ్మల్ని తిట్టుకున్నాడు."

ఆడవాళ్లు పెదాలు బిగించుకుని, భుజాలు ఊపుతూ నవ్వారు. నవ్వును మింగడం వాళ్లకు అలవాటే. ఒతీలియాకు దగ్గు వచ్చింది. దాన్నీ మింగింది. మళ్లీ వచ్చింది. కళ్లు చెమ్మగిల్లేదాకా మింగింది.

"పాట పాడితే పోలా?" అంది గిజెల.

"దాని పాట వింటే గింజుకు చస్తాం. బయటికి పోయి దగ్గి రమ్మను," అంది రొజాలియా. ఆవిడ మాత్రం ముక్కు చీదుకుని వస్తానని రెండుసార్లు లేచి వెనక గదిలోకి వెళ్లింది. పెద్దావిడ కాబట్టి తలుపు తీసినందుకు ఎవరూ ఏమీ అనలేదు.

పని ముగిసి, గసగసాల రొట్టె తిని, అందరూ వెళ్లిపోయాక ఒతీలియాకు వణుకు మొదలైంది. పళ్లు కొట్టుకున్నాయి. ఒళ్లు కాలిపోయింది. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది.

రొజాలియా మెట్లెక్కి వచ్చింది. అంత దూరం రావడం ఈమధ్య అరుదు. కోడలి నుదురు తాకి, "ఈకల చలి," అంది నిశ్చింతగా. "ఒలిచిన రోజు కొందరికి వస్తుంది. మా అమ్మకీ వచ్చేది. వెల్లుల్లి పులుసు తాగు, చెమట పట్టించు. రేపటికి ఉండదు."

ఒక రజాయి మీద ఇంకో రజాయి వేసి, అంచులు భుజాల కింద దోపి, మాస్కు అందించి, మిషను చొక్కా బొందులు సరిచేసి మరీ దిగింది.

మర్నాటికి జ్వరం తగ్గింది. అత్త మాట నిజమైంది. ఊపిరి మాత్రం తిరిగి రాలేదు.

*

సోమవారం జిల్లా ఆసుపత్రిలో నిద్ర జబ్బుల డాక్టరు దగ్గర పరీక్ష ఉంది. కుర్రవాడు, శుభ్రమైన చేతులు. మిషనులోని కార్డు తీసి కంప్యూటరులో పెట్టి, పచ్చ గీతలు చూసి ముచ్చటపడ్డాడు.

"రోగులందరూ మీలాగే ఉంటే నాకు పనే ఉండదు. ఒక్క రోజు మానలేదు. శ్వాస ఆగడం దాదాపు పోయింది."

"కానీ ఆయాసం ఎక్కువవుతోంది, డాక్టరుగారూ."

"బరువు తగ్గాలి. పొట్ట పైకి నెడుతుంది. ఈ జబ్బులో సగం అదే." ఆయన టైపు చేస్తూనే అడిగాడు. "పొగ తాగుతారా? లేదు. ఇంట్లో బూజు? పక్షులు? పావురాలు, చిలకలు?"

"పక్షులా? లేవు. బాతుల్ని కూడా ఎప్పుడో మానేశాం."

"మంచిది. ఆరు నెలల తరవాత రండి."

ఒతీలియా లేవలేదు. స్కూలు వంటగదిలో హలుష్కి అనే చిన్న పిండి ఉండల కోసం జల్లెడ మీద పిండి రుద్దేటప్పుడు మధ్యలో బల్ల మీద కూలబడుతోందని, పిల్లలు చూడకుండా గిన్నెల చాటున కూర్చుంటోందని చెప్పాలనుకుంది. ఆ మాటలు ఇక్కడ పనికిరావు. కార్డులో అవేవీ లేవు.

"నాతో ఒక్కసారి మెట్లెక్కండి," అంది.

"ఏమిటి?"

"బయట మెట్లున్నాయి కదా. నాతోపాటు ఎక్కి చూడండి. ఆ తరవాత పొట్ట అంటే ఒప్పుకుంటాను."

ఆయన గడియారం చూసుకున్నాడు. ఇబ్బందిగా నవ్వాడు. అయినా రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న క్లిప్పు ఆమె వేలికి తగిలించి వెంట వచ్చాడు. పై అంతస్తు చేరకముందే క్లిప్పు కీచుమంది. అంకె పడిపోతోంది. ఒతీలియా గోడకు ఆనుకుంది. పెదాలు నీలంగా మారాయి. ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయి, దాని అర్థం మాత్రం పోయింది.

"కూర్చోండి," అన్నాడు. గొంతు తగ్గింది. "కూర్చోండమ్మా. ఇంటికి వెళ్లడం లేదు మీరు."

ఆ మధ్యాహ్నమే స్కాన్ తీసి, ఊపిరితిత్తుల వార్డులో చేర్చారు.

*

వార్డులో పలచటి నీలం దుప్పటి ఇచ్చారు, ఉతికి ఉతికి బిరుసెక్కినది. అలోయ్ మిషను తెచ్చి ఇచ్చాడు. చొక్కా తేలేదు. "నలుగురిలో ఎందుకులే," అన్నాడు.

రెండో రోజుకు దగ్గు పలచబడింది. మూడో రోజు ఒతీలియా నర్సును అడక్కుండా కారిడారు చివరిదాకా నడిచి వచ్చి, వచ్చాక గానీ ఆశ్చర్యపోలేదు. ఇంకా ఏ మందూ మొదలుపెట్టలేదు. రక్తం తీశారు, గొట్టం వేసి ఊపిరితిత్తి లోపల కడిగి ఆ నీళ్లు పట్టారు, అంతే.

డాక్టరు హ్రివ్నాకోవా రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి మంచం అంచున కూర్చుంది.

"మా ఆసుపత్రి పులుసు తిని ఎవరూ కోలుకున్నట్టు వినలేదు. నువ్వు కోలుకుంటున్నావు. ఇది నాకు నచ్చడం లేదు."

"బాగుపడితే నచ్చకపోవడమేంటి, డాక్టరమ్మా?"

"ఇక్కడ బాగుపడుతున్నావంటే, ఇంట్లో ఏదో ఉందని." ఆవిడ తెచ్చిన స్కాన్ బొమ్మను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. "నీకు రెండు జబ్బులున్నాయి. ఒకటి గొంతులో, అది నిద్రలోనే వస్తుంది. దానికి మిషను చాలు. పగలు మెట్ల మీద ఆయాసం వేరే, అది గొంతుది కాదు. మొదటిది దొరికిందని రెండోదాన్ని ఎవరూ వెతకలేదు. చూడు, ఊపిరితిత్తి నల్లగా ఉండాలి. ఈ మసక ఉందే, ఆవిరి పట్టిన అద్దంలాగా? అది వాపు. మనం పీల్చినదేదో లోపల పడక, ఊపిరితిత్తి దాంతో పోట్లాడుతోంది."

ఒతీలియా చూసింది. చలికాలపు కిటికీ లాగే ఉంది. వేలితో తుడిస్తే పోతుందేమో అనిపించింది.

"ఎండుగడ్డి? బూజు పట్టిన గోడ?"

"లేవు."

"పక్షులు?"

"లేవని కింద డాక్టరుగారికి కూడా చెప్పాను."

డాక్టరమ్మ బొమ్మ దించి, మంచం మీది నీలం దుప్పటిని రెండు వేళ్లతో నలిపింది. కాసేపు దాన్నే చూసింది.

"ఇంట్లో ఏం కప్పుకుంటావు?"

"అందరూ కప్పుకునేదే. ఈకల రజాయి."

అనేశాక ఒతీలియా నోరు మూసుకుంది. మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా కప్పుకునేదాన్ని పక్షి అని ఎవరనుకుంటారు? అది మంచం, వెచ్చదనం, పెళ్లి. ముక్కూ రెక్కలూ ఎక్కడున్నాయి దానికి?

"శనివారం ఈకలు ఒలిచాం," అంది మెల్లగా. "సాయంత్రానికి చలిజ్వరం వచ్చింది. మా అత్తయ్య మీద ఇంకో రజాయి కప్పింది."

డాక్టరమ్మ లేచి స్టూలు దగ్గరకు వెళ్లి మిషనును తిప్పింది. వెనక చిన్న మూత తీసి, లోపలి ఫిల్టరును గోటితో లాగింది. తెల్లగా ఉండాల్సిన ముక్క బూడిద రంగులో, నూగుతో మెత్తగా ఉంది.

"దీన్ని ఎక్కడ పెడతావు?"

ఒతీలియా చొక్కా సంగతి చెప్పింది. ఈకల నూగు కూరిన సంగతీ, బొందుల సంగతీ. చెబుతుంటే తన గొంతు తనకే దూరం నుంచి వినిపించింది.

"మిషను మంచిదే," అంది డాక్టరమ్మ. "ఏది పెడితే దాన్ని లోపలికి పంపుతుంది. ముతక దుమ్మును ఈ ముక్క ఆపుతుంది, సన్నదాన్ని ఆపలేదు. నువ్వు ఒక్క రోజు మానకుండా పెట్టుకున్నావు."

కిటికీ బయట కాకి ఒకటి రేకు మీద నడుస్తోంది. గోళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"పోతుందా ఇది?"

"మసక పోవచ్చు. మందు ఇస్తాను. రక్తం రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా నువ్వు వెళ్లిన రోజే ఈకలన్నీ ఇంట్లోంచి పోవాలి, దిండ్లతో సహా." ఆవిడ స్కాన్‌లో అడుగు భాగం చూపించింది. అక్కడ చిన్న చిన్న గుంటలు, తేనెపట్టు ముక్క లాగా. "ఇవి మాత్రం మచ్చలు. ఇవి పోవు. పెరగకుండా చూసుకోవాలి. అబద్ధం చెప్పి పంపను."

"ఒకే ఇల్లు, ఒకే మంచం. మా ఆయనకి ఏమీ కాలేదు కదా?"

"అందరి ఊపిరితిత్తులూ పోట్లాడవు. కొందరివి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా పోట్లాడతాయి. ఆయాసం వస్తే వయసు అనుకుంటారు, లావు అనుకుంటారు."

*

గురువారం అలోయ్ కారులో తీసుకొచ్చాడు. ఆమె చెప్పేదంతా స్టీరింగు మీద వేళ్లు కొడుతూ విన్నాడు.

"మా తాత దాని కిందే పుట్టాడు, దాని కిందే పోయాడు."

"నేనూ దాని కిందే పోతే నీకు తృప్తా?"

"అలా అన్నానా?" చర్చి దగ్గర కారు మలుపు తిప్పాడు. "రజాయిలు కొట్టంలో పడేస్తాను. దారినకి నేను చెబుతాను. కానీ ఒతీ, ఆ చొక్కా సంగతి అమ్మకి చెప్పకు. రజాయి అని చెప్పు. రజాయి పాపం ఎవరిదీ కాదు."

ఆ మాట ఒతీలియా ముందే అనుకుంది. తను అనుకున్నదే అతను అడిగేసరికి మాత్రం కోపం వచ్చింది. లోపల మచ్చలు తనవి. వాటిని ఎవరి మీద పెట్టాలో, ఎవరి మీద పెట్టకూడదో కూడా తనే చూసుకోవాలి.

అలోయ్ నోటికి గుడ్డ కట్టుకుని రజాయిలూ దిండ్లూ మెట్ల మీంచి దించాడు. ఒతీలియా వాకిట్లో, మంచులో, దూరంగా నిలబడింది. రొజాలియా వంటింటి గడపలో నిలబడి, తన మంచం మీది రజాయి కూడా కొడుకు భుజం మీద పోవడం చూసింది. అడ్డం చెప్పలేదు. దారిన కోసం ఒలిచిన ఈకల సంచులు వెళ్లేటప్పుడు మాత్రం చేయి చాచి ఒక సంచి మూతి ముడి సరిచేసింది.

"అయితే నా బాతులు నిన్ను చంపాయన్నమాట," అంది.

"ఇంకా చంపలేదు, అత్తయ్యా."

"ఏది ఎక్కువ చేసిందిట? రజాయా, నేను కుట్టిందా?"

అలోయ్ కొట్టం దగ్గర ఆగిపోయాడు. ఒతీలియా అత్త మొహం చూసింది. ఎన్నో ఏళ్లుగా ఆ మొహంలో వెటకారం లేని చోటు ఎక్కడుందా అని వెతికింది. ఇప్పుడు వెతకనక్కర్లేదు.

"రజాయే," అంది. "చొక్కా అన్నిట్లోకీ చిన్నదన్నారు."

రొజాలియా తల ఊపి లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున అలోయ్ మిల్లుకు వెళ్లాక ఒతీలియా కొత్త దుకాణపు దుప్పటి మడత పెట్టి కిందికి దిగింది. వంటింటి తలుపు మూసి ఉంది. ఈకలు ఒలిచే రోజు తప్ప ఆ తలుపు మూసి ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే రొజాలియా కిటికీ దగ్గర, ఒడిలో ఆ చిన్న చొక్కా పెట్టుకుని, కత్తెర కొనతో కుట్లు విప్పుతోంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. ఒక్కో గడిలోంచి నూగు తీసి కాగితం సంచిలోకి దోపుతోంది. కొంత చలిగాలికి లేచి జుట్టులో చిక్కుకుంది. కుట్టేటప్పుడు ఎంత దగ్గర దగ్గరగా కుట్టిందో, విప్పడానికి అంత కష్టపడుతోంది.

ఒతీలియా అద్దం మీద తట్టింది. రొజాలియా తలెత్తి, చేత్తో గట్టిగా వద్దని సైగ చేసింది. అక్కడే ఉండు, లోపలికి రాకు.

ఆ సైగ మధ్యలోనే ఆవిడకు దగ్గు వచ్చింది. పొడి దగ్గు, ఏమీ రాల్చని దగ్గు. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, అది పోయేదాకా ఆగింది. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. ఈకలు ఒలిచే రోజు వెనక గదిలోకి ఎందుకు వెళ్లిందో ఒతీలియాకు ఇప్పుడర్థమైంది. ముసలావిడ మెట్లెక్కడం ఎందుకు మానేసిందో కూడా అర్థమైంది. ఇంట్లో అందరూ దానికి మోకాళ్ల నొప్పి అని పేరు పెట్టారు.

రొజాలియా సంచి మూతి కట్టి కిటికీలోంచి మంచులోకి దించింది. తలుపు దగ్గరకు వచ్చి, వేలెడంత సందు చేసింది.

"అమ్మాయ్. నీకు ఆయాసం వచ్చినప్పుడు," అని ఆగింది. మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది. "ఇక్కడ పట్టేసినట్టుంటుందా, లేక వీపు వైపా?"

"రెండు వైపులా. పట్టీ బిగించినట్టు."

"ఆఁ." ఆవిడ తన ఛాతీ మీద అరచేయి పెట్టుకుని, లోపలెవరో జవాబు చెబుతారన్నట్టు విన్నది. "అలోయ్‌కి చెప్పకు. ఆ డాక్టరమ్మ ముసలివాళ్లని చూస్తుందా?"

ఒతీలియాకు వెంటనే ఒక జవాబు నోటి దాకా వచ్చింది. దుంపలు బరువా, మనిషి బరువా లాంటి ఎత్తిపొడుపు జవాబు. అది అక్కడే ఉండిపోయింది.

"చూస్తుంది. ఎప్పటి నుంచి, అత్తయ్యా?"

"బాతులు మానేసినప్పటి నుంచి. వాటి వెనక పరిగెత్తలేకే మానేశాను మరి."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఇద్దరి మధ్యా తలుపు అలాగే వేలెడంత తెరిచి ఉంది.

"తలకి నీళ్లు పోసుకోండి," అంది ఒతీలియా. "ఆ నూగంతా పోయేదాకా. తరవాత బస్సుకి వెళదాం. నేను బయట నిలబడతాను, మెల్లగా రండి. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుదాం."